యానిమల్ హౌస్ చూశాకే నిర్ణయం తీసుకోండి

ప్రశ్న: బీఎస్సీ జువాలజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్ నయమైందనుకున్నాక మెదడు పొరలకు పాకింది. దానిమీద పరిశోధన చేయాలనుంది. ఎలుకల మీద ప్రయోగాలు తప్పవంటున్నారు, నిజమేనా? - ఓ విద్యార్థిని, గుంటూరు

జవాబు: చాలావరకు నిజమే. ఈ జబ్బును లెప్టోమెనింజియల్ మెటాస్టాసిస్ అంటారు. మెదడునూ వెన్నుపామునూ చుట్టుకున్న పల్చటి పొరల్లోకి, వాటి మధ్య పారే ద్రవంలోకి క్యాన్సర్ కణాలు చేరతాయి. ఆ ద్రవంలో ప్రొటీన్లు బాగా తక్కువ. తిండి దొరకని ఆ చోట అవి ఎలా బతుకుతున్నాయో ల్యాబ్‌లో గాజు డిష్‌లో పెంచిన కణాలను చూసి చెప్పలేం. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ కేంద్రంలో ఏడ్రియన్ బోయిర్, జోన్ మసాగే బృందం క్యాన్సర్ కణాలను ఎలుక పుర్రె అడుగున ఉండే ద్రవంలోకి ఎక్కించి, అక్కడ నిలదొక్కుకున్నవాటిని తీసి పెంచి, మళ్లీ ఎక్కించి మొండి కణాలను ఏరింది. అవి సీ3 అనే ప్రొటీన్ వదిలి, రక్తానికీ ఈ ద్రవానికీ మధ్య ఉన్న అడ్డుగోడను సడలిస్తాయని 2017లో తేల్చింది. రక్తంలోని పెరుగుదల కారకాలు (కణాలు పెరగడానికి తోడ్పడే పదార్థాలు) అలా లోపలికి జారతాయి. ఆ కణాలు ఇనుమును కూడా దక్కించుకుంటాయని 2020లో బోయిర్ బృందమే చూపింది. ఇనుమును పట్టేసే మందు ఇస్తే ఎలుకలు ఎక్కువకాలం బతికాయి.

ఒకప్పుడు జువాలజీ అంటే కప్ప కోతే. ఇప్పుడు డిగ్రీలో ఆ కోతలు లేవు కాబట్టి ఈ పనికి మీ చెయ్యి ఒప్పుతుందో లేదో మీకే తెలియదు. సూది వేయడం నేర్చుకోవచ్చు. కష్టమంతా ఆ తర్వాతే. పండగ రోజైనా వెళ్లి ఎలుకల బరువు చూడాలి, నడక తేడాగా ఉందేమో గమనించాలి. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న హద్దు దాటి బాధపడుతుంటే, మీ ప్రయోగం సగంలో ఉన్నా సరే, ఆరోజే నొప్పి లేకుండా చంపేయాలి. మేనత్త మీది ప్రేమ ఒక్కటే దీనికి చాలదు. మనసు ఒప్పకపోతే సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. 2020 నాటి పనిలో రోగుల ద్రవంలోని ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో కూడా చదివారు. ఆ లెక్కలు కంప్యూటర్ మీద తేల్చేవే. బయోఇన్ఫర్మాటిక్స్ (జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు) చదివినవాళ్లు అక్కడా కావాలి.

లైఫ్ సైన్సెస్‌లో గానీ బయోటెక్నాలజీలో గానీ ఎమ్మెస్సీ చేసి, సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష రాయండి. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఇస్తారు. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, నవీ ముంబయిలోని క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆక్‌ట్రెక్ చూడండి. ఈ ఒక్క జబ్బే కావాలని పట్టుబట్టకండి, క్యాన్సర్ పాకే తీరుమీద పనిచేసే ల్యాబ్ ఏదైనా మేలే. ఎమ్మెస్సీ ప్రాజెక్టు మాత్రం యానిమల్ హౌస్ (ప్రయోగాల ఎలుకలను పెంచే చోటు) ఉన్న ల్యాబ్‌లోనే అడగండి. ఎందుకని గైడ్ అడిగితే, ఈ పని నాకు పడుతుందో లేదో చూసుకోవాలని చెప్పండి.