నీటి ఆవిరి వల్ల మైక్రోవేవ్ సంకేతాలకు కలిగే ఆలస్యాన్ని రేడియోమీటర్ లేకుండా కొలవవచ్చా?

హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా, రేడియోమీటర్ (ఆకాశం నుంచి వచ్చే మైక్రోవేవ్ వికిరణాన్ని కొలిచే పరికరం) లేకుండా ఇది సాధ్యమా అని అడిగారు. నిక్షేపంగా సాధ్యమే. మా కళాశాల డాబా మీద ఏళ్లుగా విద్యార్థుల చేత చేయిస్తున్నాను.

రెండు పౌనఃపున్యాలను అందుకునే జీపీఎస్ రిసీవర్, మంచి బారోమీటర్ ఉంటే చాలు. జీపీఎస్ సంకేతాలూ మైక్రోవేవ్‌లే. అయనోవరణం (పై వాతావరణంలోని విద్యుదావేశ కణాల పొర) ఎల్1, ఎల్2 అనే ఆ రెండు పౌనఃపున్యాల సంకేతాలను వేర్వేరుగా ఆలస్యం చేస్తుంది కాబట్టి, రెండింటినీ పోల్చి ఆ ప్రభావాన్ని దాదాపుగా తొలగించవచ్చు. కింది వాతావరణం రెండింటినీ ఒకేలా ఆలస్యం చేస్తుంది. దాన్ని లెక్క ద్వారానే రాబట్టాలి. ఒక పూర్తి రోజు డేటాను కెనడా ప్రభుత్వ ఉచిత సేవ సీఎస్‌ఆర్‌ఎస్-పీపీపీకి పంపితే, నడినెత్తి దిశలో మొత్తం ఆలస్యం లెక్కగట్టి ఇస్తుంది. ఆలస్యాన్ని సమయంలో కాక, ఆ సమయంలో సంకేతం ప్రయాణించే దూరంగా మీటర్లలో చెబుతారు.

అసలు జాగ్రత్త ఆ తర్వాతే కావాలి. ఆ మొత్తంలో పొడి గాలి వాటాయే ఎక్కువ: హైదరాబాద్‌లో దాదాపు 2.17 మీటర్లు. వానాకాలంలో కూడా ఆవిరి వాటా 30 సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ. పొడి గాలి వాటా పీడనాన్ని బట్టి వస్తుంది, ఒక్కో హెక్టాపాస్కల్‌కు 2.3 మిల్లీమీటర్ల చొప్పున. దాన్ని తీసివేయగా మిగిలిందే మనకు కావలసింది. అందుకే నా దృష్టిలో రిసీవర్ ఎంత ముఖ్యమో బారోమీటరూ అంతే ముఖ్యం. ఫోన్లోని వాతావరణ యాప్ చూపే పీడనాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకండి. అది సాధారణంగా సముద్రమట్టానికి సరిచేసిన విలువ. దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో అసలు పీడనం అంతకంటే సుమారు 60 హెక్టాపాస్కల్‌లు తక్కువ. ఆ తేడా లెక్కలోకి వస్తే 13 సెంటీమీటర్లకు పైగా ఆవిరి ఆలస్యం మాయమవుతుంది! బారోమీటర్‌ను యాంటెన్నా ఎత్తులోనే పెట్టండి. నాలుగంతస్తుల భవనంలో కింద ఒకటి, పైన ఒకటి ఉన్నా తేడా కనిపిస్తుంది.

యాంటెన్నాను నీళ్ల ట్యాంకుకు దూరంగా బిగించండి. దాని నుంచి పరావర్తనం చెందే సంకేతాలు ఫలితాన్ని పాడుచేస్తాయి. అలాగని దిగంతానికి దగ్గరి ఉపగ్రహాలన్నిటినీ వదిలేయవద్దు. దిగంతం నుంచి 10 డిగ్రీల ఎత్తులో ఆలస్యం నడినెత్తి మీద కంటే ఐదు రెట్లకు పైగా ఉంటుంది. యాంటెన్నా ఎత్తులోని దోషాన్ని, గాలి వల్ల కలిగే ఆలస్యాన్ని విడదీసి చూపేవి అవే.

వచ్చిన ఆవిరి ఆలస్యాన్ని సుమారు 6తో భాగిస్తే, తలపైన ఉన్న ఆవిరంతా నీరైతే ఎంత మందాన నిలుస్తుందో తెలుస్తుంది. భారత వాతావరణ శాఖ హైదరాబాద్‌లో ఎగరేసే రేడియోసాండ్ బెలూన్ల (పైకి వెళ్తూ పీడనం, ఉష్ణోగ్రత, తేమ కొలిచి పంపేవి) వివరాలు వ్యోమింగ్ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, వాటితో సరిచూసుకోండి.

ఇది ఆలస్యాన్ని కొలిచే పద్ధతి మాత్రమే. ఆవిరి సంకేతాన్ని పీల్చుకోవడం 22.235 గిగాహెర్ట్జ్ దగ్గర బలంగా ఉంటుంది, జీపీఎస్ పౌనఃపున్యాల దగ్గర లెక్కలోకి రానంత స్వల్పం. మీ అంశం అదే అయితే రేడియోమీటర్ తప్పదు. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలను సంప్రదించండి. ఆలస్యమే అయితే మేలోనే పరికరాలు బిగించండి. నైరుతి రుతుపవనాలు వచ్చేటప్పుడు గ్రాఫు పైకి లేవడం మొదటి నుంచీ మీ డేటాలో ఉండాలి.