తిరుపతి సినిమా వాళ్లకు అచ్చొచ్చిన సీటేనా?

ఎన్టీఆర్, చిరంజీవి ఇద్దరూ ఇక్కడ గెలిచారు కదా, తిరుపతి అసెంబ్లీ సీటు సినిమా వాళ్లదేనా అని అడిగారు. ఈ ఊరికి కొత్తగా వచ్చానని కూడా రాశారు కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను. నేను పుట్టి పెరిగింది కొర్లగుంటలో. ఎన్నికలొస్తే ఇంట్లో కూర్చోలేని రకం.

ఇద్దరూ గెలిచిన మాట నిజమే. 1983లో ఎన్టీఆర్ గుడివాడ, తిరుపతి రెండు చోట్లా నిలబడి రెండూ గెలిచారు. అంతకుముందు 1978లో ఇక్కణ్ణుంచి కాంగ్రెస్ తరఫున గెలిచింది అగరాల ఈశ్వర రెడ్డి. ఆయన 1982లో శాసనసభ స్పీకర్ కూడా అయ్యారు. అంత పెద్దాయన సీటు కూడా ఆ గాలికి టీడీపీకి పోయింది. పక్కనే చంద్రగిరిలో అప్పటి కాంగ్రెస్ మంత్రి, ఎన్టీఆర్ అల్లుడు చంద్రబాబే ఓడిపోయారంటే ఆ గాలి ఎలాంటిదో మీరే ఊహించుకోండి. కానీ ఎన్టీఆర్ ఇక్కడ పాతుకుపోలేదు. 1985 ఎన్నికలకల్లా ఆయన మనసు హిందూపురం మీదికి మళ్లింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా సినిమా ఊసే లేదు. 1989లో కాంగ్రెస్, 1994, 1999లో టీడీపీ, 2004లో మళ్లీ కాంగ్రెస్. 1999లో గెలిచింది చదలవాడ కృష్ణమూర్తి, 2004లో ఎం. వెంకటరమణ. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

అసలు కథ 2009 నుంచి. చిరంజీవి ప్రజారాజ్యం పార్టీని ప్రకటించింది మన తిరుపతి సభలోనే, 2008 ఆగస్టులో. మరుసటి ఏడాది ఆయన పాలకొల్లు, తిరుపతి రెండు చోట్లా పోటీ చేశారు. సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయి, మన దగ్గర గట్టెక్కారు. ఓడింది కాంగ్రెస్ అభ్యర్థి భూమన కరుణాకర రెడ్డి. అభిమానం ఒక్కటే పనిచేసిందంటే నేను ఒప్పుకోను. ఊళ్లో బలిజ ఓటు బలంగా ఉంటుంది, ఇక్కడ టికెట్ ఇచ్చే ఏ పార్టీ అయినా ముందు ఆ లెక్కే వేస్తుంది. చదలవాడ, వెంకటరమణ, ఇప్పటి ఎమ్మెల్యే అందరూ ఆ లెక్కలోని వాళ్లే.

ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసింది, చిరంజీవి 2012లో రాజ్యసభకు వెళ్లారు, మాకు ఉప ఎన్నిక వచ్చిపడింది. జగన్ అరెస్టయిన రెండు వారాలకే పోలింగ్. ఈసారి భూమన వైఎస్సార్సీపీ, కాంగ్రెస్ నుంచి వెంకటరమణ. భూమన గెలిచారు. 2014 వచ్చేసరికి వెంకటరమణ టీడీపీలో చేరి, అదే భూమనను 41,539 ఓట్ల తేడాతో ఓడించారు. మనుషులు వాళ్లే, జెండాలే మారాయి! గోడల మీద పాత రాతలకు సున్నం కొట్టి అదే పేరు పక్కన కొత్త గుర్తు వేసిన గోడలు మా వీధిలో చాలా కాలం కనిపించేవి, సున్నం కింద నుంచి పాత గుర్తు లీలగా తొంగిచూస్తూ.

ఆ డిసెంబర్‌లోనే వెంకటరమణ చనిపోయారు. 2015 ఫిబ్రవరిలో మళ్లీ ఉప ఎన్నిక. ఆయన భార్య సుగుణమ్మకు టీడీపీ టికెట్ ఇచ్చింది, వైఎస్సార్సీపీ పోటీ పెట్టలేదు, ఆమె 1,16,524 మెజారిటీతో గెలిచారు. ఆరేళ్లు తిరక్కుండా నాలుగుసార్లు ఎమ్మెల్యేకు ఓటేసిన ఊరు మాది. నాలుగోసారికి ఓటరు స్లిప్పులు పట్టుకుని వెళ్తే "మళ్లీ వచ్చినారా నాయనా" అని నవ్వేవాళ్లు ఆడవాళ్లు.

అంత మెజారిటీ ఇచ్చిన ఊరే 2019లో సుగుణమ్మను 708 ఓట్లతో ఓడించింది. గెలిచింది భూమన. ఆ ఎన్నికలో నేను ఒక బూత్‌లో పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాను, ఏ పార్టీకో అడక్కండి. పోలింగ్ అయ్యాక మిషన్‌కు సీలు వేసి, ఎన్ని ఓట్లు పోలయ్యాయో రాసిన 17సి ఫారం కాపీ ఏజెంట్లకు ఇస్తారు. నా ఒక్క బూత్ కాగితంలో ఉన్న అంకే 708 కన్నా ఎక్కువ. లెక్కింపు రోజు రౌండు రౌండుకూ ఫోన్లు, టెన్షన్‌తో మధ్యాహ్నం ఎవరూ అన్నం ముట్టలేదు. ఆ ఎన్నికలో జనసేన అభ్యర్థి ఎవరనుకున్నారు? 1999లో టీడీపీ నుంచి గెలిచిన చదలవాడే! ఆయనకు పడినవి వేలల్లో ఉన్నాయి. అవి లేకపోతే ఏమయ్యేదో అని ఆ తర్వాత టీ కొట్ల దగ్గర నెలల తరబడి వాదించుకున్నారు.

2024లో ఆ జనసేనే టీడీపీతో పొత్తులో ఈ సీటు తీసుకుంది. 2019లో చిత్తూరు నుంచి వైఎస్సార్సీపీ ఎమ్మెల్యేగా గెలిచిన ఆరణి శ్రీనివాసులును తెచ్చి నిలబెట్టింది. బయటివాడని సణుగుడు ఊళ్లో బాగానే నడిచింది. అయినా భూమన కొడుకు అభినయ్ రెడ్డి మీద దాదాపు 62 వేల మెజారిటీ.

కాబట్టి సినిమా వాళ్లు ఇక్కడ గెలుస్తారు, నిలవరు. నా దృష్టిలో 2004 నుంచి 2019 దాకా ఈ సీటు వెంకటరమణ కుటుంబానికీ భూమనకూ మధ్య కుస్తీ, చిరంజీవి మధ్యలో వచ్చిపోయిన అతిథి. తిరుపతి ఎవరి కంచుకోటా కాదు. ఉద్యోగాల కోసం, దేవస్థానం పనుల కోసం బయటి నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లు ఎక్కువ, తాతల నాటి పార్టీ కట్టుబాటు తక్కువ. కొండ మీద బాలాజీనగర్ వాళ్లు కూడా ఈ నియోజకవర్గం ఓటర్లే, అక్కడ మాత్రం పార్టీ జెండాలు కనిపించవు.

ఒక్క విషయం. ఊళ్లో ఇల్లు ఉన్నంత మాత్రాన మీ ఓటు తిరుపతిలో ఉంటుందని అనుకోవద్దు. తిరుపతి రూరల్ మండలమంతా చంద్రగిరి నియోజకవర్గం కిందికి వస్తుంది. తిరుచానూరు, తుమ్మలగుంట వైపు ఇల్లు తీసుకుని ఉంటే మీకు ఈ చరిత్రతో పని లేదు, చంద్రగిరి గురించి ఇంకో ప్రశ్న వేయండి. మా తమ్ముడు తిరుచానూరులోనే ఉంటాడు, వాడితో రాయిస్తాను.