మొదటి ఎలక్ట్రిక్ గిటారు కట్టబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

రాయగడ నుంచి మావయ్య దీవెనలు.

గునుపురంలో మీ ఇంటి వెనక వసారాలో గిటారు కడదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన సామాన్ల జాబితా కూడా చూశాను. డబ్బు సగానికి పైగా పికప్‌ల మీద, అంటే తీగల కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతపు చుట్టల మీద, పెట్టావు. దాన్ని తిరగెయ్యి. పికప్ నచ్చకపోతే రెండేళ్ళ తర్వాత అరగంటలో మార్చుకోవచ్చు. నెక్ (వేళ్ళు ఆడే పొడుగాటి మెడ) వంకర పోయినా, బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) తప్పుచోట కూర్చున్నా ఆ గిటారు ఎప్పటికీ శ్రుతిలో పలకదు. నీ డబ్బూ ఓపికా ముందు ఆ రెండింటికి పెట్టు.

మొదటిసారికి నెక్ కొనెయ్యి, బాడీ నువ్వు చెయ్యి. బొబ్బిలి వీణలో మెట్లు మైనంలో కూర్చుంటాయి, స్వరం తేడా వస్తే మైనం కరిగించి జరుపుకోవచ్చు. గిటారు మెట్టుకి, అంటే ఫ్రెట్‌కి, ఆ వీలు లేదు. రంపంతో కోసిన గాడిలో సుత్తితో దిగ్గొట్టేదే. లెక్క తేలికే: మిగిలిన తీగ పొడవుని 17.817తో భాగిస్తే తర్వాతి ఫ్రెట్ ఎంత దూరమో వస్తుంది. 25.5 అంగుళాల స్కేలుకి (పలికే తీగ పొడవుకి), అంటే 647.7 మి.మీ.కి, మొదటి ఫ్రెట్ 36.35 దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో 323.85 దగ్గర. కాగితం మీద సులువుగానే ఉంటుంది గానీ, అదే కొలత తప్పకుండా చేతిరంపంతో 22 గాళ్ళు కొయ్యడం మొదటి పనికి తగింది కాదు.

నెక్ చేతికి రాగానే మడమ (బాడీలో దిగే చివర) వైపు నుంచి ఒక కన్ను మూసి అంచు వెంట చూడు. రెండు అంచులూ ఒకే వంపులో కనబడాలి. ఒకటి పైకీ ఒకటి కిందికీ పోతుంటే అది మెలి తిరిగిన చెక్క, ట్రస్ రాడ్‌తో (నెక్ లోపల వంపు సరిచేసే ఇనప కడ్డీతో) బాగుపడదు, తిప్పి పంపెయ్యి. ట్రస్ రాడ్ నట్‌ని పావు చుట్టు అటూ ఇటూ తిప్పి చూడు, కదలాలి. మడమ వెడల్పు 56 మి.మీ. దగ్గర, మందం 25 మి.మీ. దగ్గర ఉండాలి. అమ్మినవాడు ఏం రాసినా కొలుచుకో, బాడీలో గుంట ఆ కొలతకే తవ్వుతావు.

నమూనాకి టెలికాస్టర్ తీసుకో. 1951 నుంచి ఆ పేరుతో వస్తోంది. పలకలాంటి బాడీ, నాలుగు స్క్రూలతో బిగించే నెక్, కదలని బ్రిడ్జి. ట్రెమొలో (చేతికర్రతో ఊగే బ్రిడ్జి) జోలికి ఇప్పుడు పోవద్దు. స్ప్రింగులూ, వెనక గుంటా, ఒక తీగ శ్రుతి చేస్తే మిగతా అయిదూ జారడం, ఇవన్నీ రెండో గిటారుకి.

చెక్క సంగతి. అందరూ టేకు అంటారు. టేకు మంచిదే, వంపు తిరగదు, కానీ బరువు. 45 మి.మీ. మందం బాడీ టేకుతో చేస్తే అదొక్కటే రెండున్నర కిలోల దాకా వస్తుంది. అదే గుమ్మడి టేకుతో రెండు కిలోల లోపు. మన ఒడిశా సామిల్లుల్లో గంభారీ అని అడుగు, ఇస్తారు. తేలిక, సులువుగా కోతకి లొంగుతుంది, ఎండాక కదలదు. ఒకటే లోపం, మెత్తన. గోరు గట్టిగా నొక్కితే గుర్తు పడుతుంది. అందుకని చిన్న స్క్రూ ప్రతి రంధ్రంలో ముందు స్క్రూ బిగించి, తీసి, పల్చటి సూపర్ గ్లూ రెండు చుక్కలు వేసి ఎండాక మళ్ళీ బిగించు. లేకపోతే రెండోసారి విప్పినప్పుడే మర అరిగిపోతుంది.

500 పొడవు, 180 వెడల్పు, 50 మందం, అన్నీ మి.మీ.లలో, ఇలాంటి పలకలు రెండు కావాలి. బిల్లు తీసుకో. పచ్చి చెక్కని ఎండబెట్టిందని అమ్మేవాళ్ళే ఎక్కువ, కాబట్టి కిరాణా కొట్టు తక్కెడ మీద వారానికోసారి తూచి పలక మీదే పెన్సిలుతో రాసిపెట్టు. బరువు తగ్గుతున్నన్నాళ్ళూ అది పచ్చిదే. మూడు వారాలు వరసగా ఒకే బరువు వస్తే మొదలుపెట్టు. కూల్చిన ఇంటి ద్వారబంధం చెక్క దొరికితే ఇంకా మేలు. కానీ లోపల విరిగిన మేకు ఉంటుంది, అయస్కాంతం తిప్పి చూడకుండా రౌటర్ (గుంటలు తవ్వే మిషన్) పెట్టకు.

రెండు పలకల అంచులూ చిత్రిక పట్టి, కలిపి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడు. మధ్యలో వెలుగు గీత కనబడినన్నాళ్ళూ ఫెవికాల్ డబ్బా తియ్యకు. సందుని క్లాంపుతో నొక్కి మూస్తే ఎండాకాలంలో అక్కడే విచ్చుకుంటుంది. టేకైతే జిగురు రాసేముందు అంచుల్ని థిన్నర్ గుడ్డతో తుడువు, దాని నూనె జిగురుని పట్టనివ్వదు. 24 గంటలు క్లాంపులో ఉంచు.

12 మి.మీ. ఎమ్‌డీఎఫ్‌తో బాడీ ఆకారానికి టెంప్లేటు (అచ్చు) చేసుకో. టెంప్లేటులో ఉన్న గుంతే బాడీలోకి దిగుతుంది కాబట్టి ఒక రోజంతా దాన్నే సానబెట్టినా తప్పులేదు. జిగ్ సాతో గీతకి 2 మి.మీ. బయట కోసి, మిగిలింది రౌటర్‌కి బేరింగ్ బిట్ (టెంప్లేటు అంచు వెంట నడిచేది) పెట్టి తియ్యి. ఒక్కో దఫాకి 4 మి.మీ. లోతు మించకు. బయటి అంచుకి గడియారం ముల్లుకి ఎదురుగా, లోపలి గుంటలకి ముల్లు తిరిగిన వైపు నడిపించు. తిరగబడి నడిపితే బిట్ చెక్కని పట్టి మిషన్ని చేతిలోంచి లాగేస్తుంది. బాడీ కొమ్ము మొన దగ్గర పీచు అడ్డంగా వస్తుంది, చెక్క పెచ్చు లేచేది అక్కడే. అక్కడ 1 మి.మీ. చొప్పునే తియ్యి. మాస్కు పెట్టుకో, టేకు పొడి చాలామందికి దురద తెస్తుంది.

నెక్ గుంట లోతు 16 మి.మీ. నెక్ అందులో దిగాక గిటారుని నెక్ పట్టుకుని ఎత్తితే స్క్రూ లేకుండానే బాడీ ఊడకుండా ఉండాలి. అంత బిగుతు చాలు, సుత్తితో కొట్టి దించాల్సినంత వద్దు. పాలిష్ పొర కూడా చోటు తీసుకుంటుంది. స్క్రూ రంధ్రాలు బాడీలో 4.5 మి.మీ., నెక్‌లో 3.2 మి.మీ. వెయ్యి. బాడీలో స్క్రూ వదులుగా జారాలి, మర పట్టేది నెక్‌లోనే. రెండు చోట్లా పట్టితే ఎంత బిగించినా మధ్యలో సందు ఉండిపోతుంది. బిగించేముందు స్క్రూకి కొవ్వొత్తి మైనం పుయ్యి, గట్టి చెక్కలో తల విరగదు.

ఇప్పుడు అసలు పని. బ్రిడ్జికి రంధ్రాలు వేసేముందు నెక్ బిగించి, నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) రెండు చివరి గాళ్ళలోంచి రెండు కుట్టుదారాలు లాగి బ్రిడ్జి చివరి శాడిల్స్ (తీగలు ఆనే, ముందుకీ వెనక్కీ జరిగే దిమ్మెలు) మీదుగా టేపు వేసి అంటించు. పైనుంచి చూడు: ఆఖరి ఫ్రెట్ దగ్గర రెండు దారాలకీ ఫ్రెట్లున్న పలక అంచుకీ మధ్య దూరం రెండువైపులా సమానమా? ఒకవైపు 3, ఒకవైపు 5 ఉంటే బ్రిడ్జిని జరుపు. అలాగే వదిలేస్తే సన్న తీగ వాయిస్తుండగా పలక మీంచి జారిపోతుంది. దూరం కొలవడానికి టేపు వాడకు, దాని కొక్కెం ఆడుతుంది. 600 మి.మీ. స్కేలు చాలదు, మీటరు స్టీలు స్కేలు కొను. సన్న తీగ శాడిల్ ఇంకో 2 మి.మీ. ముందుకు జరిగే చోటు ఉంచి, అది నట్ నుంచి 647.7 దగ్గర నిలిచేలా బ్రిడ్జి పెట్టు. లావు తీగకి మరో 3, 4 మి.మీ. వెనక్కి కావాలి, స్క్రూలో ఆ నిడివి ఉందో లేదో చూడు. ఇవన్నీ కుదిరాకే డ్రిల్లు. రాత్రిపూట వెయ్యకు, పొద్దున్నే మళ్ళీ ఒకసారి కొలిచి అప్పుడు వెయ్యి.

పాలిష్ గురించి ఎక్కువ చెప్పను. రథయాత్ర నుంచి దసరా దాకా లాకర్ డబ్బా మూత తియ్యకు. థిన్నర్ ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద దిగి పాలలా తెల్లబడుతుంది. మొదటి గిటారుకి లక్కతో చేసే స్పిరిట్ పాలిష్ చాలు, తప్పు పోతే స్పిరిట్‌తోనే తుడిచెయ్యొచ్చు. మజ్జిగౌరమ్మ చైత్ర జాతర లోపు ముగించు.

వైరింగ్‌కి సింగిల్ కాయిల్ (ఒక చుట్ట పికప్) అయితే 250 కె (కిలోఓమ్) పాట్లు, అంటే వాల్యూమ్, టోన్ తిప్పేవి; హంబకర్ (రెండు చుట్టల పికప్) అయితే 500 కె. టోన్‌కి మొదటిదానికి 0.047, రెండోదానికి 0.022 మైక్రోఫారడ్ కెపాసిటర్. పాట్ వీపు ఆకురాయితో గీకి, 60 వాట్ల ఐరన్‌తో మూడు నాలుగు సెకన్లలో టంకం వెయ్యి. 25 వాట్లదైతే పాట్ వీపు వేడెక్కడానికి నిమిషం పడుతుంది, ఈలోగా లోపలి కార్బన్ పట్టీ పాడై వాల్యూమ్ గరగరమంటుంది. బ్రిడ్జి కింద ఒక వైరు పెట్టి గ్రౌండ్‌కి కలపడం మర్చిపోకు. తీగలు కట్టకముందే ఆంప్‌కి (యాంప్లిఫయర్‌కి) పెట్టి పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో తట్టి చూడు, టక్కుమనాలి.

ఆ బ్రిడ్జి వైరు వల్లే ఇంకో సంగతి. గిటారు తీగలు ఆంప్ చట్రానికి కలిసి ఉంటాయి, చట్రం మూడో పిన్‌కి. మీ ఇల్లు పాతది. మూడో పిన్‌లో ఎర్త్ ఉందో లేదో ముందు మల్టీమీటర్‌తో చూడు. ఏసీ 750 రేంజిలో పెట్టి ఫేజు నుంచి ఎర్త్‌కి 230 దగ్గర, రావాలి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి రెండు మూడు వోల్టులు మించకూడదు. అలా లేకపోతే ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ వేయించాకే వాయించు. ఆంప్ ప్లగ్గుకి మూడో కాలు విరిచేసి వాడేవాళ్ళున్నారు, నువ్వు మాత్రం చెయ్యకు.

ఆఖరికి సెట్టింగ్. వరస మార్చకు. 10-46 తీగలు (లావు అంగుళంలో వెయ్యో వంతుల్లో) కట్టి శ్రుతి చేసి ఒక రాత్రి వదిలెయ్యి. మొదటి ఫ్రెట్‌లో క్యాపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే క్లిప్పు), ఆఖరి ఫ్రెట్‌లో వేలు పెట్టి, ఏడో ఫ్రెట్ మీద సందు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్న రేకులతో) చూడు, 0.2 మి.మీ. ఉండాలి. గేజ్ మోటారు సైకిల్ స్పేర్ పార్టుల కొట్లో దొరుకుతుంది. ఎక్కువుంటే ట్రస్ రాడ్ కుడికి పావు చుట్టు, అంతే, మర్నాడు మళ్ళీ చూడు. తర్వాత నట్: మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే మొదటి ఫ్రెట్ మీద తీగ కాగితం మందాన ఎత్తులో ఉండాలి. ఎక్కువైతే మొదటి ఫ్రెట్లలో ప్రతి స్వరమూ హెచ్చుగా పలుకుతుంది, జనం పికప్‌నో బ్రిడ్జినో తిట్టుకుంటారు. తర్వాత పన్నెండో ఫ్రెట్ మీద ఎత్తు, సన్న తీగకి 1.6, లావు తీగకి 2 మి.మీ. చివరగా శాడిల్స్: పన్నెండులో నొక్కిన స్వరం అక్కడి హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి పలికించే స్వరం) కన్నా హెచ్చుగా ఉంటే శాడిల్ వెనక్కి, తగ్గుగా ఉంటే ముందుకి. పికప్‌ని తీగకి మరీ దగ్గరగా లేపకు. ఆఖరి ఫ్రెట్‌లో నొక్కినప్పుడు 2 నుంచి 2.5 మి.మీ. సందు ఉంచు, లేకపోతే అయస్కాంతం లావు తీగని లాగి ఒకే దెబ్బకి రెండు శ్రుతులు వినిపిస్తాయి.

ఫిబ్రవరి, మార్చిల్లో ఫ్రెట్ల పలక ఎండి కుంచించుకుని ఫ్రెట్ల చివర్లు చేతికి గుచ్చుకుంటాయి. కంగారుపడకు. పలక అంచుకి టేపు వేసి సన్న ఆకురాయితో చివర్లు అరగదియ్యి. నెక్ ఏది కొంటున్నావో ఆ ఫొటో, కొలతలు డబ్బు కట్టేముందు నాకు పంపు.

ఇట్లు
మీ మావయ్య