మెడ్‌టెక్ జోన్‌లో ఇంటర్న్‌షిప్‌కి పంపమంటారా?

గాజువాక నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. వైద్య పరికరాల కంపెనీలుండే మెడ్‌టెక్ జోన్‌లో ఒక చిన్న కంపెనీలో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ చేస్తానంటోంది. స్టైపెండ్ అంతంత మాత్రమే. క్యాంపస్ ప్లేస్‌మెంట్ చేజారిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పార్కులని హడావుడి చేస్తారు, చివరికి భవనాలు మిగులుతాయి. నమ్ముకోవచ్చా?"

మీ భయంలో న్యాయం ఉందండీ. అద్దాల భవనాలు కట్టి, రాయితీలిచ్చి, బోర్డు పెట్టినంత మాత్రాన సైన్స్ పార్క్ అయిపోదు. తైవాన్‌లో షిన్‌చు పార్క్ 1980లో మొదలైంది. అప్పటికే పక్కన రెండు మంచి యూనివర్సిటీలు, 1973 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉన్నాయి. ఆ సంస్థ అండతోనే 1987లో చిప్‌లు తయారుచేసే టీఎస్ఎంసీ కంపెనీ పుట్టింది. మన దగ్గర ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్క్‌లో చోటు తీసుకున్న కంపెనీలు అద్దె కడితే సరిపోదు, ఐఐటీతో కలిసి పనిచేసి క్రెడిట్లు సంపాదించుకోవాలి. విద్యార్థులను పనిలోకి తీసుకోవడం కూడా అందులో భాగమే. నాకు ఈ నిబంధన చాలా నచ్చుతుంది.

మరి మన వైజాగ్ సంగతి? స్టీల్‌ప్లాంట్ దగ్గర 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్ 2018లో ప్రారంభమైంది. 2020లో కరోనా వచ్చినప్పుడు అక్కడ వెంటిలేటర్లు, టెస్ట్ కిట్లు తయారయ్యాయి. కానీ దాని అసలు బలం ఉమ్మడి ల్యాబుల్లో ఉంది. వైద్య పరికరం అమ్మాలంటే పరీక్షలు తప్పవు. ఆ యంత్రాలు కొనాలంటే చిన్న కంపెనీ ఉన్నదంతా ఊడ్చిపెట్టాలి. అందరికీ కలిపి ఒకచోట పెడితే, ఎవరికి కావలసినప్పుడు వాళ్లు ఫీజు కట్టి వాడుకుంటారు.

ఈఎంసీ ల్యాబ్, అంటే చుట్టూ రేడియో తరంగాలున్నా పరికరం సరిగా పనిచేస్తుందా అని చూసే ల్యాబ్, ఎలా ఉంటుందో చెప్తాను. గోడలనిండా కోసుగా పొడుచుకొచ్చిన నురుగు దిమ్మెలు, మధ్యలో తిరిగే బల్ల మీద పేషెంట్ మానిటర్. గుండె గీత సాఫీగా నడుస్తుంటుంది. యాంటెన్నా నుంచి రేడియో తరంగాలు వదలగానే గీత వణుకుతుంది. ఆసుపత్రిలో అలా వణికితే డాక్టరు ఏమనుకోవాలి? వెతికితే ఒక్కోసారి తప్పు పెద్దదేమీ కాదు, కేబుల్ షీల్డ్ సరిగా గ్రౌండ్ కాలేదు, అంతే. అది పట్టుకోగలిగిన ఈసీఈ పిల్లకి పని దొరక్కపోదు. కంపెనీ మూతపడినా ఐఈసీ 60601 (విద్యుత్ వైద్య పరికరాల భద్రతా ప్రమాణం) పరీక్షలు, ఐఎస్ఓ 13485 (వైద్య పరికరాల నాణ్యతా ప్రమాణం) రికార్డులు చేసిన అనుభవం ఆమె వెంటే వస్తుంది. హైదరాబాద్ దగ్గర సుల్తాన్‌పూర్ పార్క్‌లోని కంపెనీలకైనా, పెద్దాసుపత్రుల బయోమెడికల్ విభాగాలకైనా అది పనికొస్తుంది.

కాబట్టి పంపండి. కాకపోతే ఆరు నెలలూ ఇప్పుడే వద్దు. ఈ వేసవిలో రెండు నెలలు చేయనివ్వండి. ఏడో సెమిస్టర్‌లో ప్లేస్‌మెంట్లకు కూర్చుంటుంది. కాలేజీ ఒప్పుకుంటే ఎనిమిదో సెమిస్టర్ ప్రాజెక్టు అక్కడే చేసుకోవచ్చు.

చేరేముందు మాత్రం కంపెనీని సూటిగా అడగమనండి. రోజూ పని చూపించే ఇంజనీరు ఎవరు? ల్యాబ్ లోపలికి రానిస్తారా, ఆఫీసులో కూర్చోబెట్టి ఎక్సెల్ షీట్లు నింపిస్తారా? వాళ్ల పరికరం ఏ దశలో ఉంది, లైసెన్సుకి దరఖాస్తు పెట్టారా? నా మటుకు మొదటి ప్రశ్నే ముఖ్యం. నేర్పే మనిషి పేరు చెప్పలేని చోట స్టైపెండ్ ఎంతిచ్చినా చేర్చవద్దు.

ఇంకొక్క మాట. ఆమె కాలేజీ గైడ్ దగ్గర లెటర్ తీసుకుని, కంపెనీకి ముందే ఫోన్ చేసి, వీలైతే మీరూ ఆమెతో ఒకసారి వెళ్లి చూసి రండి. గాజువాక నుంచి ఎంతో దూరం కాదు.