గండిపేట చెరువు నిండకముందే గేట్లు ఎందుకు ఎత్తుతారు?

పిల్లలతో గండిపేట వెళ్తే, చెరువు నిండడానికి ఇంకా కొంత ఉండగానే గేట్లెత్తి నీళ్ళు వృథా చేస్తున్నారని బాధపడ్డారు మీరు. మాది హైదరాబాద్‌కు దిగువన, వలిగొండ దగ్గర మూసీ ఒడ్డున ఉన్న ఊరు. మీరు వృథా అంటున్న నీళ్ళు మా పొలాల పక్కనుంచే పోతాయి కాబట్టి చెబుతున్నాను.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, మూసీలో కలిసే ఈసీ నది మీద ఒకటి జలాశయాలు కట్టాలన్నారు. ఉస్మాన్ సాగర్, అంటే మీరు చూసిన గండిపేట, 1920లో పూర్తయింది. హిమాయత్ సాగర్ 1927లో. తాగునీరు, సెలవు రోజుల షికారు సరే, వరద రోజున అక్కరకొచ్చేది మాత్రం చెరువులో మిగిలిన జాగా. అంచుదాకా నిండి ఉంటే పైనుంచి వచ్చిన నీళ్ళు వచ్చినట్టే కిందికి దూకుతాయి.

ఇంకో సంగతి. నగరంలో పడే వానను ఆ రెండు చెరువులూ ఆపలేవు, అది నాలాల గుండా నేరుగా మూసీలో కలుస్తుంది. ఆ వరద, చెరువుల వరద ఒకేసారి వస్తే మా పని అయిపోయినట్టే. ముందునుంచే కొంచెం కొంచెంగా వదిలితే ఏరు నెమ్మదిగా పెరుగుతుంది, మేము సర్దుకుంటాం.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కుండపోత. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో రాగానే బాబాయి అన్నం ముందునుంచి లేచాడు. ఏటి ఒడ్డున ఉన్న మా పొలం మోటారు దగ్గరికి పరిగెత్తాం. స్టార్టర్ డబ్బా విప్పి నేను నెత్తిన పెట్టుకున్నాను. మోటారుకు తాడు కట్టి నలుగురం గట్టు మీదికి లాగాం. అప్పటికే మోకాళ్ళదాకా నురగ, మురుగు వాసన. తెల్లారేసరికి మోటారు ఉన్న చోట ఏరు పారుతోంది. మోటారు దక్కింది, కోతకొచ్చిన వరి దక్కలేదు. వరద తీశాక చూస్తే ఒడ్డున తుమ్మచెట్టుకు నా తలకంటే ఎత్తున ప్లాస్టిక్ సంచులు వేలాడుతున్నాయి.

గేట్లు ఎత్తినప్పుడు గట్టు మీదినుంచి చూపించండి, పిల్లలను కిందికి దింపకండి. ఆ రోజుల్లో మా వైపు రావలసి వస్తే రుద్రవెల్లి దగ్గర, భీమలింగం దగ్గర ఉన్న తక్కువ ఎత్తు వంతెనల మీదుగా నీళ్ళు పారుతుంటాయి. లోతు కొంచెమే అనిపించినా బండి దింపకండి. చుట్టూ తిరిగి రండి.