తాబేలు ఉభయచరం కాదు

అమ్మాయీ,

జంతువుల వర్గాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. తేలినీలాపురం గూడబాతుల పేరా బాగుంది. ఆ తర్వాతే ఒళ్లు మండింది. "నీటిలోనూ నేలమీదా బతుకుతుంది కనుక తాబేలు ఉభయచరం" అట! ఏటమ్మా ఇది? ఏటా ఆలివ్ రిడ్లీ సముద్రపు తాబేళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెట్టే సిక్కోలు తీరంలో ఉండి రాసే మాటేనా?

ఉండే చోటును చూసి వర్గం కట్టకు. ఒంటిని చూడు, పుట్టుకను చూడు. ఉభయచరమంటే కప్ప. దాని చర్మం పల్చన, ఎప్పుడూ తడి. దాంతోనూ గాలి పీలుస్తుంది. గుడ్డుకు పెంకు లేదు, జిగురు చుట్టుకుని నీళ్లలో ఉంటుంది. అందులోంచి వచ్చేది మొప్పలున్న తోకకప్ప. తాబేలుకు ఇవేవీ లేవు. పుట్టిన దగ్గర్నుంచి ఊపిరితిత్తులే. అందుకే ట్రాలర్ అనే పెద్ద చేపల పడవ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చచ్చిపోతుంది. తల్లి రాత్రిపూట అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి పోతుంది. తోలులాంటి పెంకులోంచి గాలి ఆడాలి. గూట్లో నీళ్లు నిలిస్తే లోపలి పిల్ల దక్కదు. 45 నుంచి 60 రోజుల్లో బయటికొచ్చే పిల్లది తల్లి రూపే. సరీసృపం అంటే అదీ. గుండె గదులు లెక్కపెట్టి తేల్చేద్దామంటే కుదరదు: కప్పకీ మూడే, తాబేలుకీ మూడే, సరీసృపమే అయిన మొసలికేమో నాలుగు.

"పిల్లల్ని కనేవన్నీ క్షీరదాలు" అన్నావు. రక్తపింజర పిల్లల్నే కంటుంది, తేలూ అంతే. ప్లాటిపస్ అనే క్షీరదం గుడ్లు పెట్టి, పిల్లలకు పాలు ఇస్తుంది. పాలూ వెంట్రుకలూ వెతుక్కోవాలి. అలుగు అనే జంతువుకు పొలుసుల సందుల్లో కూడా వెంట్రుకలుంటాయి. ఈ మినహాయింపుల్నే పత్రికలవాళ్లు ముందు కొట్టేస్తారు, పిల్లలు తికమకపడతారని. పైన మాత్రం "వింత జీవి" అని శీర్షిక తగిలిస్తారు. వాళ్ల కోసం నువ్వు ముందే కత్తిరించి పంపకు.

డాల్ఫిన్ చేప కాదు, క్షీరదమని సరిగ్గానే రాశావు. తోక అడ్డంగా ఉండి కిందికీ పైకీ ఆడుతుందని ఒక ముక్క చేర్చు. చేప తోక నిలువు, పక్కలకు ఆడుతుంది. జీవుల్ని వర్గాలుగా విడదీసిన శాస్త్రవేత్త లిన్నేయస్ 1758లోనే తిమింగలాల్ని చేపల్లోంచి తీసి క్షీరదాల్లో వేశాడు.

ఇక కాళ్లు. కీటకానికి ఆరు, సాలీడుకు ఎనిమిది, రొయ్యకూ పీతకూ పది. డెక్కలు కలిపేసి తేలుకు పది రాశావు. పీత డెక్కలు కాళ్ల లెక్కలోకి వస్తాయి, తేలువి రావు. అవి నోటి పక్కన మొలిచినవి, నడకకు కావు.

నీ వ్యాసం చివరి పట్టిక తీసెయ్. ఆ జాగాలో పీత ఒక్కదాని గురించే రాయి. భావనపాడు చేపల రేవులో వలలు దులిపేటప్పుడు ఒకదాన్ని వెల్లకిలా తిప్పి చూడు. పొట్టకింద మడతపడి ఒక పలక ఉంటుంది. మగదానికి సన్నం, ఆడదానికి వెడల్పు, గుడ్లు మోసేది దాని కిందే. రొయ్యకు వెనక చాచి ఉండే భాగమే పీతకు ఇలా ముడుచుకుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసి, ఆ పేరా రాసి పంపు.

ఆశీస్సులతో,
విజయనగరం నుంచి