ఫ్లోరిన్ మచ్చలున్న పళ్ళకి వైట్నింగ్ పనిచేస్తుందా?

నల్గొండ జిల్లా చండూరు దగ్గర నుంచి ఒక చెల్లె అడిగిన ప్రశ్న ఇది. వయసు ఇరవై నాలుగు. ముందు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలున్నాయి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. హైదరాబాద్‌లో ఒక క్లినిక్ వాళ్ళు లేజర్ వైట్నింగ్‌తో గంటలో పళ్ళు తెల్లగా చేస్తామన్నారట. చేయించుకోవచ్చా, నొప్పి ఉంటుందా, ఎన్నాళ్ళు నిలుస్తుంది అని అడిగింది.

మాది మర్రిగూడ మండలం. నావి కూడా బోరు నీళ్ళు తాగి పెరిగిన పళ్ళే. ఇంట్లో పెట్టుకునే ట్రేలతో వైట్నింగ్ చేయించుకున్నాను, పై వరసలో మధ్య పళ్ళు రెండింటికీ మైక్రో అబ్రేజన్, అంటే మచ్చ ఉన్న పైపొరను సన్నగా రుద్ది తీయడం, కూడా అయింది. కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తున్నాను. ముందు సూటిగా జవాబు: వైట్నింగ్ చేయించుకోవచ్చు, సరిగ్గా చేస్తే ప్రమాదం లేదు. కానీ మన పళ్ళకి ఒక్క గంట పని సరిపోదు, వైట్నింగ్ ఒక్కటే కూడా చాలాసార్లు సరిపోదు.

ఎందుకంటే ఈ మచ్చ పంటి లోపల ఉంటుంది. ముందు పళ్ళు దవడ లోపల తయారయ్యే వయసులో, అంటే ముఖ్యంగా పుట్టిన మొదటి మూడు నాలుగేళ్ళలో, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ (మనం ఫ్లోరిన్ అనేది ఇదే) ఎక్కువైతే పంటి పైనుండే గట్టి పొర, ఎనామిల్, గట్టిపడాల్సినంత గట్టిపడదు. పైపొర కింద కంటికి కనపడని సన్నటి రంధ్రాలు మిగిలిపోతాయి. అలాంటి పన్ను సుద్దముక్కలా తెల్లగా వస్తుంది. తర్వాత టీ రంగు, కూరల రంగు ఆ రంధ్రాల్లోకి దిగి, ఏళ్ళు గడిచేకొద్దీ పసుపు, గోధుమరంగు తేలుతుంది. తాగునీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీళ్ళు లేని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న సంగతి అందరికీ తెలిసిందే.

మిషన్ భగీరథ నల్లా నీళ్ళు వచ్చాయి కదా, ఇక మచ్చలు తగ్గుతాయా అని మా అమ్మ అడిగేది. తగ్గవు. ఎనామిల్ ఒకసారి తయారయ్యాక మంచికీ చెడుకీ నీళ్ళతో మారదు. ఇదే లెక్కన, పెద్దయ్యాక ఫ్లోరైడ్ పేస్టుతో తోముకుంటే కొత్త మచ్చలు రావు. పేస్టు డబ్బా మీద ఫ్లోరైడ్ అన్న మాట చూసి భయపడి బొగ్గుపొడికో ఉప్పుకో మారిన వాళ్ళు మన దగ్గర చాలామంది. అసలే బలహీనంగా ఉన్న ఎనామిల్‌ని గరుకు పొడితో రుద్దితే ఇంకా అరిగిపోతుంది, పళ్ళు జివ్వుమంటాయి. పెద్దవాళ్ళు మామూలు ఫ్లోరైడ్ పేస్టే వాడుకోవాలి. ఆరేళ్ళ లోపు పిల్లలకు మాత్రం బ్రష్ మీద పేస్టు కొంచెమే పెట్టి, మింగకుండా దగ్గరుండి ఉమ్మించాలి.

ఇక చికిత్స. మొదటి మెట్టు క్లీనింగ్, అంటే స్కేలింగ్, పాలిషింగ్. పాన్, గుట్కా, టీ మరకలు, చిగుళ్ళ దగ్గర పట్టిన గార దీంతోనే పోతాయి. "క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయి" అని ఊళ్ళో గట్టిగా నమ్ముతారు. గారే చిగురును తిని పన్నును వదులు చేస్తుంది. ఏళ్ళ తరబడి అడ్డుగా ఉన్న గార తీసేసరికి పళ్ళ మధ్య ఖాళీ కనపడి అలా అనిపిస్తుంది. క్లీనింగ్ అయ్యాక అద్దంలో చూసుకుంటే, ఏది పైన పట్టిన మరకో ఏది పంటి లోపలి మచ్చో అప్పుడు తేలుతుంది. వైట్నింగ్ గురించి మాట్లాడాల్సింది ఆ తర్వాతే.

మంచి డాక్టర్ ముందు పంటిని గాలితో ఆరబెట్టి లైటు కింద చూస్తారు. నాకు చూసిన మేడమ్ చేతికి అద్దం ఇచ్చి, ఒక్కో పంటి మీద గాలి కొడుతూ చూపించారు. తడిగా ఉన్నప్పుడు కనపడని తెల్లటి గీతలు ఆరగానే అడ్డంగా మబ్బు తునకల్లా తేలాయి. తర్వాత నమూనా పళ్ళు వరసగా గుచ్చిన పట్టీ ఒకటి తెచ్చి, నా పన్ను పక్కన పెట్టి ఏ రంగుకు సరిపోతుందో రాసుకుని ఫోటో తీశారు. ఈ ఫోటో మీరూ అడిగి తీయించుకోండి. రంగు రోజుకు కొంచెం చొప్పున మారుతుంది కాబట్టి మొదట్లో ఎలా ఉండేదో మనకే గుర్తుండదు.

క్లినిక్‌లో గంటలో చేసేది ఇదీ: చిగుళ్ళ మీద రబ్బరులాంటి పూత వేసి లైటుతో గట్టిపరుస్తారు. పళ్ళ మీద గాఢమైన హైడ్రోజన్ పెరాక్సైడ్ జెల్, మామూలుగా 35 నుంచి 40 శాతం మధ్య ఉన్నది, రాసి పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి తీసేసి మళ్ళీ రాస్తారు. లేజర్ అని చెప్పేది చాలాచోట్ల నీలం రంగు ఎల్ఈడీ లైటే. అసలు పని చేసేది జెల్, లైటు వల్ల కలిసొచ్చేది తక్కువ. కుర్చీలోంచి లేచినప్పుడు కనపడే మిలమిలలో కొంత భాగం పన్ను ఆరిపోవడం వల్ల వచ్చింది. రెండు మూడు రోజుల్లో ఉమ్మి తడికి ఆ భాగం దిగిపోతుంది. మన పళ్ళకి ఇంకో చిక్కు ఉంది. పన్ను ఆరినప్పుడు తెల్ల మచ్చలు మరీ ఎక్కువగా కనపడతాయి. చేయించుకున్న రోజు సాయంత్రం అద్దం చూసి "ఇంకా పాడైంది" అని ఏడ్చిన వాళ్ళున్నారు. కొన్ని రోజులు ఓపిక పడితే అవి సర్దుకుంటాయి.

ఫ్లోరిన్ పళ్ళకి నాకు నచ్చింది ట్రే పద్ధతి. 1989 నుంచి డాక్టర్లు వాడుతున్న పాత పద్ధతే ఇది. పళ్ళ అచ్చు తీసుకుని మన పళ్ళకి అతుక్కునేలా పలుచటి ట్రేలు చేసిస్తారు. అందులో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్, ఒక్కో పంటికి బియ్యపు గింజంత, ముందు వైపు గోడకు వేసి రాత్రి పెట్టుకుని పడుకోవాలి. 10 శాతం అంటే లోపల తయారయ్యే హైడ్రోజన్ పెరాక్సైడ్ దాదాపు 3.5 శాతమే. క్లినిక్ జెల్‌తో పోలిస్తే చాలా తేలిక. మామూలు పసుపు పళ్ళవాళ్ళకి రెండు వారాల్లో పనైపోతుంది. గోధుమ మచ్చలకి అంతకంటే ఎక్కువ వారాలు పడుతుంది, నాకూ పట్టింది. మొదటి వారంలో ఏమీ తెలియలేదు. ఆ తర్వాత ముదురు గోధుమ మచ్చ తేనె రంగుకి వచ్చింది, ఇంకొన్నాళ్ళకి లేత మీగడ రంగుకి దిగింది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళకి కనపడనంత తగ్గింది. తెల్ల మచ్చలు మాత్రం పోలేదు. చుట్టూ ఉన్న పన్ను తెల్లబడటంతో అందులో కలిసిపోయాయి. వైట్నింగ్ నుంచి ఆశించాల్సింది ఇంతే, ఇది తక్కువ కాదు.

నొప్పి సంగతి అడిగారు కదా. చేసేటప్పుడు నొప్పి ఉండదు. తర్వాతే చల్లనీళ్ళు తాగినా, చల్లగాలి పీల్చినా పన్ను జివ్వుమని లాగుతుంది. క్లినిక్ పద్ధతిలో మొదటి రాత్రి ఇది గట్టిగానే ఉండొచ్చు, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ట్రేలతో వచ్చేది కొంచెం తక్కువ, పైగా మన చేతిలో ఉంటుంది. ఎక్కువైతే ఒక రాత్రి మానేసి మర్నాడు పెట్టుకోవచ్చు. పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టు వారం ముందు నుంచే వాడమని నాకు చెప్పారు, బాగా పనిచేసింది. జెల్ చిగురుకు తగిలితే అక్కడ తెల్లగా అయి మండుతుంది. కంగారు పడకండి, కొంచెం తగిలితే తొందరగానే మామూలవుతుంది. ట్రేలోంచి బయటికి వచ్చిన జెల్‌ని దూదితో తుడిచేయాలి. క్లినిక్‌లో చేసిన తర్వాత రెండు రోజులు టీ, కాఫీ, పసుపు కూరలు, చింతపండు పులుసు వద్దంటారు. పెరుగన్నం, ఇడ్లీతో గడిపేయొచ్చు.

పుచ్చు ఉంటే ముందు దానికి చికిత్స అవ్వాలి. క్యాపులకి, పాత సిమెంటులకి ఈ జెల్ వల్ల రంగు మారదు. అందుకని ముందు పంటికి కొత్త ఫిల్లింగ్ వేయాల్సి ఉంటే వైట్నింగ్ అయిపోయాక కనీసం రెండు వారాలు ఆగి, కొత్త రంగుకి సరిపోయేలా వేయించుకోవాలి. వెంటనే వేస్తే సరిగ్గా అతకదు కూడా. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేసుకోవాలి. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి వద్దు. బ్యూటీ పార్లర్‌లో చేయించుకోవద్దని మాత్రం గట్టిగా చెప్తాను. చిగుళ్ళకు రక్షణ లేకుండా, పంట్లో పగులు ఉందో పుచ్చు ఉందో చూడకుండా పెరాక్సైడ్ రాసే హక్కు ఎవరికీ లేదు.

ట్రేలతో దిగని మొండి మచ్చకు మైక్రో అబ్రేజన్ ఉంది. పన్ను ఒక్కటే బయటికి కనపడేలా రబ్బరు షీటు కట్టి, కళ్ళద్దాలు పెట్టి, తేలికపాటి హైడ్రోక్లోరిక్ యాసిడ్, గరుకు పొడి కలిసిన పేస్టును చిన్న రబ్బరు కప్పుతో రుద్దుతారు. గరగరమన్న శబ్దం దవడలో తెలుస్తుంది తప్ప నొప్పి ఉండదు. కాసేపు రుద్దడం, కడగడం, తడిమీద చూడటం, మళ్ళీ రుద్దడం. పోయేది మిల్లీమీటరులో చిన్న భాగం, పైపొర మాత్రమే. మచ్చ లోతుగా ఉంటే డాక్టర్ అక్కడే ఆపేయాలి. తెల్ల మచ్చలకు రెసిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ అని ఇంకోటి ఉంది. ఎనామిల్‌లోని ఆ సన్నటి రంధ్రాల్లోకి రెసిన్ అనే పలుచటి జిగురులాంటి ద్రవాన్ని ఇంకించి లైటుతో గట్టిపరుస్తారు, మచ్చ చుట్టూ ఉన్న పంటి రంగులో కలుస్తుంది. నేను చేయించుకోలేదు, అవసరం పడలేదు.

అసలు ఇంత పొడుగ్గా రాస్తున్నది ఈ మాట కోసం. గంటలో వైట్నింగ్ అని పిలిచి, అది మచ్చకు చాలదని తేలాక, "సిరామిక్ వేసేద్దాం, పెళ్ళి లోపల అయిపోతుంది" అనే చోట్లు ఉన్నాయి. నాకూ ఒక క్లినిక్‌లో మొదటి రోజే, పళ్ళు ఆరబెట్టి చూడకుండానే, పై పళ్ళు ఎనిమిదింటికి అరగదీసి క్యాపులు పెడతామన్నారు. లేచి వచ్చేశాను. వెనీర్‌కి, అంటే పంటి ముందు అతికించే పలుచటి సిరామిక్ పెంకుకి, పంటి ముందు భాగంలో దాదాపు అర మిల్లీమీటరు అరగదీస్తారు, క్యాపుకి చుట్టూ ఇంకా ఎక్కువ. అరగదీసిన పన్ను మళ్ళీ రాదు. వెనీర్లు ఎంత బాగా వేసినా పది, పదిహేనేళ్ళకు మార్చాల్సి రావచ్చు. ఇరవై నాలుగేళ్ళకు మొదలుపెడితే జీవితంలో ఎన్నిసార్లు మార్చాలో లెక్క వేసుకోండి. పంటి మీద గుంటలు పడి, ఎనామిల్ పెచ్చులు ఊడుతుంటే అప్పుడు కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్) గానీ వెనీర్ గానీ సరైన దారే, దాన్ని తప్పు పట్టను. గట్టిగా, నున్నగా ఉన్న పంటిని రంగు కోసం మాత్రమే కోయించుకోవద్దు. "ముందు క్లీనింగ్, తర్వాత ట్రేలు, అవసరమైన పంటికి మాత్రమే మైక్రో అబ్రేజన్, అప్పటికీ మిగిలితే కాంపోజిట్" అని మీరే అడగండి. ఒప్పుకోని చోట చేయించుకోకండి.

నేను బడిలో పాఠాలు చెబుతాను. గ్రూప్ ఫోటో అంటే పెదాలు బిగించి నిలబడే ఆడపిల్లల్ని చూస్తూనే ఉన్నాను, నవ్వొస్తే చున్నీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. అందుకే పళ్ళ రంగుదేముంది అని మీకు చెప్పను, ఆ బాధ నాకు తెలుసు. కానీ మీ పళ్ళు మీరు తోముకోక పాడైనవి కావు. వచ్చే సంబంధం మునుగోడు నుంచో దేవరకొండ నుంచో అయితే వాళ్ళింట్లో పెద్దవాళ్ళవీ ఇవే పళ్ళు. వేరే ఊరివాళ్ళు అడిగితే నీళ్ళ వల్ల వచ్చిందని సూటిగా చెప్పొచ్చు.

నిలవడం గురించి: మామూలుగా ఏడాది నుంచి మూడేళ్ళు. టీ ఎక్కువ తాగేవాళ్ళకి తొందరగా తగ్గుతుంది. ట్రేలు ఉంటే మళ్ళీ జెల్ ఒక్కటి కొనుక్కుని కొన్ని రాత్రులు పెట్టుకుంటే చాలు. ఖర్చు తగ్గాలంటే డెంటల్ కాలేజీకి వెళ్ళండి. మీకు దగ్గర్లో నార్కట్‌పల్లి కామినేని ఉంది, పాలమూరు వైపు వాళ్ళకి మహబూబ్‌నగర్ ఎస్వీఎస్. కాలేజీల్లో ఇలాంటి ఫ్లోరిన్ మచ్చల పళ్ళు రోజూ చూస్తారు కాబట్టి మన మచ్చ వాళ్ళకి కొత్త కాదు. ప్రైవేట్ క్లినిక్‌కే వెళ్తే వైట్నింగ్ రేటు మొత్తం పళ్ళకా, ఒక్క దవడకా, ట్రేలూ జెల్ అందులో కలిపా అని ముందే అడిగి రాయించుకోండి. వెనీర్లకి మాత్రం పంటికి ఇంత అని చెబుతారు.

పెళ్ళి కుదిరేదాకా ఆగకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. క్లీనింగ్, ట్రేలు, రెండు వారాల విరామం, ఆ తర్వాత కావాలంటే మైక్రో అబ్రేజన్ లేదా ఫిల్లింగ్, అన్నీ కలిపి తొందరపడకుండా చేస్తే రెండు మూడు నెలలు పడుతుంది. ముహూర్తానికి రెండు రోజుల ముందు ఎవరు ఏం చేస్తామన్నా ఒప్పుకోవద్దు. పళ్ళు జివ్వుమంటుంటే తలంబ్రాల రోజు చల్లనీళ్ళు కూడా తాగలేరు. మైక్రో అబ్రేజన్ గురించి ఇంకేమైనా అడగాలంటే ఇక్కడే రాయండి, వీలు చూసుకుని జవాబిస్తాను.